వీధి బాగుకు వెల ఎంత? వాటా ఎవరిది?

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టిన ఇంటి ముందు రోడ్డు వేయించి చూడమని మాత్రం వారు చెప్పలేదు. ఆ కాలంలో ఆ అవసరం రాలేదు కాబోలు. నేడు పట్టణాల శివార్లలో ఇల్లు కట్టుకొన్న ప్రతి కుటుంబానికీ ఈ మూడవ పరీక్ష తప్పడం లేదు.

ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసేవారికి ఈ పరీక్ష కొంత ఆలస్యంగా ఎదురవుతుంది. టౌన్‌షిప్‌లో కాపురమున్నంత కాలం వీధిదీపం వెలగకపోయినా, కాలువ పూడిపోయినా, రోడ్డు మీద గుంట పడినా సివిల్ విభాగం వారి ఫిర్యాదు పుస్తకంలో నాలుగు మాటలు వ్రాస్తే సరిపోతుంది. ఆ పనికి ఎంత ఖర్చయిందో, ఆ సొమ్ము ఏ పద్దులో నుంచి వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం మనకు రాదు. పదవీ విరమణ చేసి, భవిష్యనిధి సొమ్ముతోను గృహనిర్మాణ ఋణంతోను శివారు కాలనీలో ఇల్లు కట్టుకొని క్వార్టరు ఖాళీ చేసిన తరువాత తొలి వర్షాకాలంలో అసలు విషయం బోధపడుతుంది. వాకిట్లో మోకాటి లోతు బురద. పాఠశాల బస్సు వీధి మొగనే ఆగిపోతుంది. రాత్రివేళ వృద్ధులను ఆసుపత్రికి తీసుకొనిపోవాలంటే ఆటో లోపలికి రాదు.

అప్పుడు ఒక ఆదివారం సాయంత్రం కాలనీ సంఘం సమావేశం జరుగుతుంది. మునిసిపాలిటీలో నిధులు లేవనీ, కాలనీవాసులు కొంత వాటా భరిస్తే పని త్వరగా మంజూరు కాగలదనీ కార్యదర్శి తెలియజేస్తారు. వెంటనే వాదోపవాదాలు చెలరేగుతాయి. “ఆస్తిపన్ను కడుతూనే ఉన్నాము కదా, మళ్లీ ఎందుకు కట్టాలి?” అని ఒకరు. “నాది వీధి మొదటి ఇల్లు, చివరిదాకా రోడ్డు నాకెందుకు?” అని మరొకరు. “మేము అద్దెకున్నవాళ్లం, మా యజమానిని అడగండి” అని ఇంకొకరు. “డబ్బు ఇస్తాం సరే, లెక్క ఎవరు చెబుతారు?” అని వెనుక వరుసలో కూర్చున్న గృహిణి అడుగుతుంది. సామాన్యంగా ఈ చివరి ప్రశ్నకు సమాధానం దొరకకుండానే సమావేశం ముగుస్తుంది.

ఈ ప్రశ్నలలో ఏ ఒక్కటీ త్రోసిపుచ్చదగినది కాదు. మన దేశంలోను, పొరుగు దేశంలోను ఇవే ప్రశ్నలను ఎదుర్కొని, కొన్నింటికి మంచి సమాధానాలు కనుగొన్న పట్టణాలున్నాయి. వాటి అనుభవాన్ని ఉద్యోగ మిత్రులకు, వారి కుటుంబాలకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం చెప్పేది

మొదటి ప్రశ్నకు చట్టపరమైన సమాధానం స్పష్టంగానే ఉన్నది. 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. దానితోపాటు చేర్చబడిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. రోడ్లు, వంతెనలు నాలుగవ అంశం. వీధిదీపాల వంటి ప్రజాసౌకర్యాలు 17వ అంశం. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని కూడా రాజ్యాంగం నిర్దేశించింది. కాబట్టి వీధి బాగు పురపాలక సంస్థ బాధ్యతే. ఆస్తిపన్ను కట్టే పౌరుడు దానిని అడగడం హక్కే గాని, దేబిరింపు కాదు.

అయితే చిక్కు మరొక చోట ఉన్నది. అనుమతి పొందిన లే-అవుటులో రోడ్లు, కాలువలు, దీపాలు ఏర్పరచవలసిన బాధ్యత లే-అవుటు వేసిన యజమానిది. ఆ ఖర్చును అతడు స్థలం ధరలో కలిపి వసూలు చేస్తాడు. అనుమతి లేని లే-అవుటులో స్థలం చౌకగా దొరుకుతుంది. ఆ చౌకదనం ఎక్కడి నుండి వచ్చిందో కొన్నవారికి ఆ సమయంలో తట్టదు. వేయవలసిన రోడ్డు వేయకపోవడం వల్ల మిగిలిన సొమ్మే అది. ఆనాడు మిగిలిందనుకొన్నది ఈనాడు వాటా రూపంలో ఎదురుగా వచ్చి నిలుస్తుంది.

ఇటువంటి స్థలాలను క్రమబద్ధీకరించడానికి తెలంగాణలో 2015లోను, 2020లోను పథకాలు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటువంటివి వచ్చాయి. స్థల యజమానుల నుండి వసూలైన రుసుమును ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాంతపు వసతులకే వినియోగించాలని తెలంగాణ పథకాల నియమాలు చెబుతున్నాయి. కనుక “వాటా ఎంత కట్టాలి?” అని చర్చించే ముందు, ఇంతకు మునుపు మన కాలనీ నుండి ఆ పద్దు క్రింద ఎంత జమ అయినదో, అందులో మన వీధికి ఎంత రావలసి ఉన్నదో మునిసిపాలిటీని వ్రాతపూర్వకంగా అడగడం విజ్ఞత. ఎన్నో కాలనీ సంఘాలు ఈ మొదటి మెట్టును ఎక్కకుండానే చందా పుస్తకం తెరుస్తున్నాయి.

ఒరంగీ గల్లీల పాఠం

వీధివాసులు స్వయంగా ఖర్చు భరించడంలో ఉపఖండం మొత్తానికీ పాఠశాల వంటిది కరాచీ నగరపు శివారులోని ఒరంగీ. లక్షలాది శ్రామికులు నివసించే ఆ బస్తీలో 1980 ప్రాంతంలో భూగర్భ మురుగుకాలువలు లేవు. గల్లీల నడుమనే మురుగు పారేది. ఆ సంవత్సరం అక్కడ పని ప్రారంభించిన అఖ్తర్ హమీద్ ఖాన్ 1914లో ఆగ్రాలో జన్మించారు. ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి, 1945లో ఆ ఉద్యోగాన్ని త్యజించారు. తరువాత తూర్పు బెంగాలులోని కొమిల్లాలో గ్రామీణ సహకార ఉద్యమాన్ని నడిపి పేరు పొందారు.

ఒరంగీలో ఆయన వెంటనే గోతులు త్రవ్వించలేదు. ముందుగా జనంతో మాట్లాడి, ఈ పని ఎందుకు జరగడం లేదో విచారించారు. నాలుగు అడ్డంకులు కనిపించాయి. ప్రభుత్వమే ఉచితంగా చేసిపెడుతుందన్న నమ్మకం మొదటిది. గుత్తేదార్లు చెప్పే ధర పేదల శక్తికి మించి ఉండడం రెండవది. పని చేసే పద్ధతి తెలియకపోవడం మూడవది. పదిమంది కలిసి నడవడానికి ఒక కట్టు లేకపోవడం నాలుగవది.

ఈ అడ్డంకులను ఒక్కొక్కటిగా తొలగించారు. మొత్తం బస్తీని గాక, 20 నుంచి 40 ఇళ్లుండే ఒక గల్లీని ఘటకంగా తీసుకొన్నారు. ఆ గల్లీవారు తమలో ఒకరిని నిర్వాహకునిగా ఎన్నుకొని దరఖాస్తు చేసుకొంటే, ఒరంగీ పైలట్ ప్రాజెక్టు సిబ్బంది కొలతలు తీసి, పటం గీసి, అంచనా వేసి ఇచ్చేవారు. డబ్బు మాత్రం వారు ముట్టుకొనేవారు కారు. వసూలు, ఖర్చు, లెక్క అన్నీ గల్లీవారి చేతిలోనే ఉండేవి. మ్యాన్‌హోళ్లకు ఉక్కు అచ్చులు వాడి, పనిని సులభం చేసి, గుత్తేదారు లాభాన్ని తీసివేసేసరికి, ప్రభుత్వ శాఖల అంచనాలో నాలుగవ వంతుకన్న తక్కువ ఖర్చుతో పని ముగిసింది. ఒక్కొక్క ఇంటికి మరుగుదొడ్డితో కలిపి సుమారు వెయ్యి పాకిస్తానీ రూపాయలు పడింది. కాలక్రమాన ఆరువేలకు పైగా గల్లీలు, తొంభైవేలకు పైగా ఇళ్లు ఈ విధంగా తమ కాలువలను తామే వేసుకొన్నాయి.

ఆరంభంలో పొరపాట్లు జరగకపోలేదు. కాంక్రీటు సరిగా కలపక, తడపక కొన్ని గల్లీలలో మూతలు పగిలాయి. అటుపిమ్మట కలిపే విధానాన్ని, తడిపే విధానాన్ని ఇంటింటా బోధించారు.

ఒరంగీ నుంచి గ్రహించవలసిన ముఖ్య విషయం ‘ప్రజలే అన్నీ చేసుకోవాలి’ అన్నది కాదు. అక్కడ ఒక స్పష్టమైన సరిహద్దు గీశారు. ఇంటిలోని దొడ్డి, గల్లీలోని కాలువ, గల్లీలను కలిపే చిన్న కాలువ ప్రజల వంతు. పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వం వంతు. ప్రజలు తమ వంతు పూర్తి చేసి చూపించిన మీదట, ప్రభుత్వాన్ని దాని వంతు అడగడానికి వారికి నైతిక బలం వచ్చింది. 1999లో అఖ్తర్ హమీద్ ఖాన్ మరణించారు. ఆ తరువాత పనిని ముందుకు నడిపిన వాస్తుశిల్పి పర్వీన్ రెహ్మాన్ 2013 మార్చిలో హత్యకు గురయ్యారు. వీధులను, కాలువలను, భూములను పటాలకు ఎక్కించి ప్రజల చేతికివ్వడం ఎంతటి సాహసమో ఆమె జీవితమే చెబుతుంది.

అహ్మదాబాదులో రెండువేల రూపాయలు

ఒరంగీలో ప్రభుత్వం తన వంతుకు ఆలస్యంగా వచ్చింది. అహ్మదాబాదులో నగరపాలక సంస్థ మొదటి రోజు నుండే బల్లకు ఒక ప్రక్కన కూర్చున్నది. 1995లో అక్కడ ‘పరివర్తన్’ పేరిట మురికివాడల అభివృద్ధి పథకాన్ని ప్రారంభించారు. ఇంటింటికీ నీటి కొళాయి, మరుగుదొడ్డి, భూగర్భ మురుగుకాలువ, వాననీటి కాలువ, లోపలి వీధులకు గట్టి రోడ్లు, వీధిదీపాలు అందులోని అంశాలు. బస్తీ లోపలి పనులకు కుటుంబానికి ఆరువేల రూపాయలు కాగలదని తొలుత అంచనా వేశారు. అందులో రెండువేలు నివాసి, రెండువేలు పరిశ్రమల వారు, రెండువేలు కార్పొరేషన్ భరించాలన్నది ఒప్పందం. దీనికి తోడు నిర్వహణ నిధికి ప్రతి కుటుంబం 100 రూపాయలు చెల్లించాలి.

రోజు కూలీతో బ్రతికే కుటుంబం రెండువేలు ఎక్కడి నుండి తెస్తుంది? ఇక్కడ ‘సేవ’ మహిళా సంఘపు బ్యాంకు ముందుకు వచ్చింది. మహిళలు కొద్దికొద్దిగా పొదుపు చేశారు. చాలనివారికి బ్యాంకు అప్పు ఇచ్చింది. అయినా జనాన్ని ఒప్పించినది అప్పు ఒక్కటే కాదు. పదేళ్ల వరకు ఆ బస్తీని ఖాళీ చేయించబోమని కార్పొరేషన్ హామీ ఇచ్చింది. రేపు ఉంటామో లేదో తెలియని చోట రోడ్డుకు ఎవరూ పైసా పెట్టరు. ఉంటామన్న భరోసా చేతికి వచ్చాక రెండువేలు పెట్టడానికి వెనుదీయలేదు.

181 కుటుంబాలున్న సంజయ్‌నగర్‌లో అరవింద్ మిల్స్ వారి సహకారంతో తొలి ప్రయోగం జరిగింది. ఆ తరువాత పరిశ్రమల వాటా ఆశించినట్లు రాలేదు. ఖర్చు పెరిగింది. పెరిగిన భారాన్ని కార్పొరేషన్ భరించింది. నివాసి వాటా ముందు చెప్పిన రెండువేల దగ్గరనే ఉండిపోయింది. ఇది గమనింపదగిన విషయం. అంచనా పెరిగినప్పుడల్లా సామాన్యుని వాటా కూడా పెంచుతూ పోతే, రెండవ వీధిలో చందా అడగడానికి ముఖం చెల్లదు.

ఆలందూరు అనుభవం

పేద బస్తీలలో జరిగినది మధ్యతరగతి కాలనీలకు వర్తిస్తుందా అని సందేహించేవారికి చెన్నై సరిహద్దులోని ఆలందూరు సమాధానం చెబుతుంది. ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు, చిన్న వ్యాపారులు ఎక్కువగా ఉండే ఆ పట్టణంలో ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకులే గతి. 1990ల చివర మునిసిపల్ అధ్యక్షులు ఆర్.ఎస్. భారతి నాయకత్వంలో భూగర్భ మురుగునీటి పథకాన్ని తలపెట్టారు. వ్యయం సుమారు 34 కోట్లు. అంత సొమ్ము మునిసిపాలిటీ వద్ద లేదు. ఇంటికి 5,000 రూపాయలు, వ్యాపార సంస్థకు 10,000 రూపాయలు ముందుగా డిపాజిట్టు చెల్లించవలసిందిగా పౌరులను కోరారు. మిగిలినది రాష్ట్ర పట్టణాభివృద్ధి నిధి నుండి అప్పుగాను, గ్రాంటుగాను సమకూర్చుకొన్నారు.

ఒక్క గొట్టమైనా భూమిలో దించకముందే 5,000 రూపాయలు అడగడం తేలిక కాదు. ఇంటింటికీ తిరిగి, సంక్షేమ సంఘాల సమావేశాలు పెట్టి, ఖర్చు వివరాలు, నెలసరి రుసుము వివరాలు ముందుగానే చెప్పారు. కోట్లలో డిపాజిట్లు వచ్చాయి. 2000లో పని మొదలైంది. ఆ పనిని చేపట్టినది అప్పట్లో హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఐ.వి.ఆర్.సి.ఎల్. సంస్థ కావడం తెలుగువారికి విశేషం. 2011లో ఆలందూరు చెన్నై కార్పొరేషన్‌లో విలీనమైనప్పటికీ, పౌరుని సొమ్ముతో పథకాన్ని నడపవచ్చునని నిరూపించిన పట్టణంగా దాని పేరు నిలిచిపోయింది.

మన రాష్ట్రంలో జన్మభూమి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 జనవరి 1న ప్రారంభమైన జన్మభూమి కార్యక్రమం మన పాఠకులలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. గ్రామాలలో, పట్టణ వార్డులలో ప్రజలు తమ వాటాను నగదుగానో, శ్రమదానంగానో చెల్లిస్తే ప్రభుత్వం మిగిలినది ఇచ్చేది. ఎన్నో ఊళ్లలో తొలి సిమెంటు రోడ్డు, తొలి పక్క కాలువ ఆ విధంగానే వచ్చాయి. అప్పటివరకు సభలకు రాని మహిళలు వచ్చి తమ వీధి గురించి మాట్లాడారు.

దానిపై విమర్శలు కూడా వచ్చాయి. కొన్నిచోట్ల ప్రజల వాటాను గుత్తేదారే కట్టి, ఆ మొత్తాన్ని పనిలో మిగుల్చుకొన్నాడన్నది ప్రధాన విమర్శ. అలా జరిగిన చోట వాటా కట్టామన్న మాటే గాని, అడిగే హక్కు ఎవరికీ మిగలలేదు. తన డబ్బు పెట్టని పనిని తనిఖీ చేయడానికి ఎవరు వెళతారు? మరొక విమర్శ మరింత ఆలోచింపదగినది. వాటా కట్టగలిగిన వీధికి ముందుగా రోడ్డు మంజూరైతే, కట్టలేని వీధి ఎప్పటికీ వెనుకనే ఉండిపోతుంది. ప్రజా ధనంలో ప్రతి వీధికీ హక్కున్నది. కనుక వాటాను అందరికీ ఒకే కొలతతో నిర్ణయించడం న్యాయం కాదు. స్తోమతు గల కాలనీ ఎక్కువ భరించి, మునిసిపల్ నిధి బలహీనుల వీధికి ముందుగా చేరేటట్లు చూడవలసిన బాధ్యత పాలకవర్గానిది.

వాటాల తగవు

వాటా కట్టాలని నిర్ణయమైన తరువాత, ఎవరు ఎంత అన్నది తేలాలి. ఉదాహరణకు 100 మీటర్ల వీధిని తీసుకొందాం. 40 అడుగుల ముఖవెడల్పు గల స్థలాలు ఇరువైపులా కలిపి 16 ఉంటాయి. కాలనీ వాటా 1,60,000 రూపాయలనుకొంటే స్థలానికి 10,000 పడుతుంది. కాని అందులో నాలుగు ఖాళీ స్థలాలు. వాటి యజమానులు వేరే ఊళ్లలో ఉంటారు, ఉత్తరానికి జవాబివ్వరు. మిగిలిన 12 ఇళ్లమీద పంచితే ఒక్కొక్కరికి 13,333 రూపాయలవుతుంది. రోడ్డు పడగానే ధర పెరిగేది ఆ ఖాళీ స్థలానికే! అందువల్ల ఎందరో మంచివారు కూడా ఇక్కడే విసిగి లేచిపోతారు.

దీనికి కొన్ని మార్గాలున్నాయి. ఇంటిని గాక స్థలాన్ని లెక్కకు తీసుకొని, ముఖవెడల్పును బట్టి వాటా నిర్ణయించడం ఒకటి. రెండు వీధుల మూలనున్న ఇంటికి రెండు వైపులా పూర్తి వాటా వేయకుండా కొంత తగ్గించడం మరొకటి. చెల్లించని స్థలం పేరు, బకాయి మొత్తం సంఘపు పుస్తకంలో వ్రాసి ఉంచి, ఆ స్థలంలో ఇల్లు కట్టే రోజున సంఘ తీర్మానం ప్రకారం అడిగి వసూలు చేయడం ఇంకొకటి. అద్దెకున్నవారి విషయంలో, శాశ్వతమైన పనికి యజమాని, నెలసరి నిర్వహణకు కాపురమున్నవారు భరించడం సమంజసం. ఒకే ఆదాయంతో బ్రతికే వితంతువులకు, వృద్ధ దంపతులకు వాయిదాలు కల్పిస్తే ఎవరికీ నష్టం లేదు. “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి” అని ఇవ్వనివారిని ఎత్తిపొడవడం తేలిక. ఆ ఇవ్వకపోవడానికి కారణం అడిగితే చాలాసార్లు అది పిసినారితనం కాదు, అపనమ్మకమని తేలుతుంది.

అంచనా పట్టిక చదవండి

అపనమ్మకానికి మందు లెక్కలోనే ఉన్నది. కర్మాగారంలో కొలతలతో, రికార్డులతో దశాబ్దాలు గడిపిన మనవారికి ఇది కొత్త విద్య కాదు.

పైన చెప్పిన 100 మీటర్ల వీధిలో 3.75 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందంతో సిమెంటు రోడ్డు వేయాలని అంచనాలో ఉన్నదనుకొందాం. మూడు కొలతలను గుణిస్తే 56.25 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాలు ఇసుక, మూడు పాళ్లు కంకర చొప్పున కలిపే ఎం-20 కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అనగా మొత్తం 450 బస్తాలు. మందాన్ని 15 నుంచి 10 సెంటీమీటర్లకు తగ్గిస్తే కాంక్రీటు 37.5 ఘనపు మీటర్లకు, సిమెంటు 300 బస్తాలకు దిగుతుంది. పైకి చూస్తే రోడ్డు ఒకే విధంగా కనబడుతుంది. 150 బస్తాల తేడా మాత్రం వీధివాసుల జేబులో నుంచి పోయినట్లే. ఆ రోడ్డు బరువు లారీ తాకిడికి కొద్దికాలానికే బీటలు వారుతుంది.

కాబట్టి పని జరిగే రోజున ఖాళీ బస్తాలు లెక్కపెట్టడానికి, అంచుపలకల ఎత్తును టేపుతో కొలవడానికి ఇంజనీరే కానక్కరలేదు. వరండాలో కూర్చున్న గృహిణి చేయగల పని అది. నడుమ భాగం అంచులకన్న సుమారు నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటేనే నీరు ప్రక్కలకు జారుతుంది. నాలుగు, నాలుగున్నర మీటర్లకు ఒక అడ్డగాటు ఉండాలి. వేసిన మరునాటి నుండి కనీసం 14 రోజులు తడుపుతూ ఉండాలి. ఆ తడుపును గుత్తేదారు మనుషులకే వదలక, ఇంటికి ఒక పూట చొప్పున వంతులు వేసుకొన్న వీధి రోడ్డు ఎక్కువ కాలం మన్నుతుంది.

లెక్క అడగడానికి చట్టం కూడా తోడున్నది. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్‌కిరానా గ్రామంలో అరుణా రాయ్ తదితరుల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ తొలి ప్రజా విచారణ జరిపింది. చేసిన పనుల బిల్లులను, కూలీల పట్టీలను గ్రామస్థుల ఎదుట చదివి వినిపించారు. అక్కడ మొదలైన ఉద్యమం 2005లో సమాచార హక్కు చట్టానికి దారితీసింది. ఆ చట్టం ప్రకారం రికార్డులు చూడడమే గాక, జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో పొందడానికి కూడా పౌరునికి హక్కున్నది. కేరళలో 1996 ఆగస్టులో ప్రారంభమైన ప్రజా ప్రణాళిక ఉద్యమంలో మరొక అడుగు ముందుకు వేసి, ఎన్నో చిన్న పనులను గుత్తేదారుకు గాక, లాభం పొందే ప్రజల కమిటీకే అప్పగించే ఏర్పాటు చేశారు.

ముందు భూగర్భం, తరువాత రోడ్డు

ఖర్చు తూచేటప్పుడు సామాన్యంగా మరచిపోయే విషయం పనుల వరుస. మార్చి నెలలో నిధులు మురిగిపోతాయని హడావిడిగా రోడ్డు వేస్తారు. జూన్‌లో మంచినీటి గొట్టాలవారు, ఆ తరువాత కేబుళ్లవారు వచ్చి దానినే త్రవ్వుతారు. ఒకే రోడ్డుకు రెండుసార్లు ఖర్చు! బెంగళూరులో 2010 దశకంలో కొన్ని ముఖ్య వీధులను ‘టెండర్‌ష్యూర్’ పద్ధతిలో పునర్నిర్మించినప్పుడు నీరు, మురుగు, విద్యుత్తు, కేబుళ్ల మార్గాలన్నీ ముందుగా భూమిలో అమర్చి, ఆ పైన పాదచారుల బాటను, రోడ్డును వేశారు. తొలి ఖర్చు చాలా ఎక్కువన్న విమర్శ వచ్చింది. మాటిమాటికీ త్రవ్వే ఖర్చును కూడా కలుపుకొని చూడాలన్నది దానికి సమాధానం. మన చిన్న వీధికి అంత వైభవం అవసరం లేదు. రోడ్డుకు అడ్డంగా అక్కడక్కడ ఒక ఖాళీ గొట్టం ముందే వేసి ఉంచితే చాలు, రేపటి త్రవ్వకం తప్పుతుంది.

మరొకటి రోడ్డు మట్టం. పాత పొరను తీయకుండా పొర మీద పొర వేస్తూ పోతే వీధి ఎత్తు పెరిగి, ఇళ్లు పల్లంలో పడిపోతాయి. వానకు వీధిలోని నీరు వరండాలోకి వస్తుంది. ఇందౌరులో మురికివాడల పథకాన్ని రూపొందించిన ఇంజనీరు హిమాంశు పారిఖ్ దీనికి భిన్నంగా ఆలోచించారు. ఇళ్లకన్న రోడ్డును దిగువగా ఉంచి, వాననీరు రోడ్డు మీదుగానే పల్లానికి పారిపోయేటట్లు చేశారు. ఆ పథకానికి 1998లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది. అయితే పని పూర్తయిన తరువాత నిర్వహణ కుంటుపడి, కాలువలు పూడిపోయాయన్న విమర్శను కూడా అది ఎదుర్కొన్నది. పురస్కారం పొందిన పనికైనా ఏటా పూడిక తీసే చేయి ఉండాలి. అందుకే అంచనాలో నిర్మాణపు ఖర్చుతో పాటు నిర్వహణ పద్దు కూడా ఉండి తీరాలి.

ముగింపు

“ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది” అని మన సామెత. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుందని దాని భావం. మనం చూసిన పట్టణాల అనుభవం మాత్రం ఆ సామెతను కొంతవరకు కాదంటున్నది. ఒరంగీలో గీసిన సరిహద్దు, అహ్మదాబాదులో ఇచ్చిన హామీ, ఆలందూరులో ముందుగా చెప్పిన లెక్క, ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక్క విషయం స్పష్టమవుతుంది. ఎవరి వంతు ఎంతవరకో ముందుగా తేల్చి, లెక్కను అందరి ఎదుట పరచిన చోట జనం డబ్బు ఇచ్చారు. దాచిన చోట ఇవ్వలేదు.

కనుక కాలనీ సమావేశంలో వాటా ప్రశ్న వచ్చినప్పుడు మనవారు వెంటనే చెక్కు పుస్తకమూ తీయనక్కరలేదు, కోపంతో లేచి వెళ్లిపోనూ అక్కరలేదు. మునిసిపాలిటీ వంతు ఏదో, మన వంతు ఏదో వ్రాతలో పెట్టించండి. అంచనా ప్రతిని తెలుగులో వ్రాయించి వీధి మొగలో బోర్డుపై అంటించండి. జమాఖర్చుల పుస్తకాన్ని ఇద్దరికి, వారిలో ఒక మహిళకు అప్పగించండి. వెనుక వరుసలో కూర్చుని “లెక్క ఎవరు చెబుతారు?” అని అడిగిన ఆ గృహిణియే అందుకు తగిన వ్యక్తి కావచ్చు.